వద్దన్నవాళ్లందరూ ఒకటి కాదు

ట్రెక్‌కి పేరిచ్చి, తీరా బయల్దేరే వారం మానేసేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. కారణం కాళ్లనొప్పులు కాదు, ఎవరో ఏదో అనుంటారు. ట్రెక్ లీడర్‌గా ఆ మాటలు నాకు కంఠతా వచ్చేశాయి.

అపోహ: ఈ వయసులో కొండలేంటి?

వాస్తవం: ఎమ్మా గేట్‌వుడ్ 66 ఏళ్ల వయసులో, 1954లో, అమెరికాలోని అపలాచియన్ ట్రెయిల్ అనే కొండల కాలిబాటలో దారి తప్పింది. కళ్లజోడు విరిగింది. అడవి సిబ్బంది ఇంటికి పొమ్మంటే వెళ్లిపోయింది. మరుసటి ఏడాది మళ్లీ వచ్చి 3,200 కిలోమీటర్లకు పైగా ఒంటరిగా నడిచేసింది. రెండోసారి రావడం ఎంత గొప్పో, చూపు ఆనని స్థితిలో పంతానికి పోకుండా వెనక్కి వెళ్లడమూ నాకంత గొప్పగానే అనిపిస్తుంది.

అపోహ: పిల్లల తల్లికి ఇదేం పని?

వాస్తవం: జపాన్ పర్వతారోహకురాలు జుంకో తాబేయి మహిళా బృందానికీ, ఎవరెస్ట్ యాత్రకు డబ్బు అడిగిన చోట ఇదే జవాబు వచ్చింది. 1975 మే 16న ఎవరెస్ట్ ఎక్కిన తొలి మహిళ ఆమే. అప్పటికి పన్నెండు రోజుల ముందే విరిగిపడ్డ మంచు చరియల కింద కూరుకుపోయి బయటపడింది.

అపోహ: జిమ్ బాడీ ఉంటేనే ఎత్తులు తట్టుకుంటావు.

వాస్తవం: 2,500 మీటర్లు దాటాక ఎత్తు జబ్బు (పైన గాలి పలచబడటంతో వచ్చేది) ఎవరికైనా రావచ్చు, ఫిట్‌నెస్ దాన్ని ఆపదు. పైగా ఫిట్‌గా ఉన్నవాళ్లే గబగబా ఎక్కేసి తెచ్చుకుంటారు. 3,000 మీటర్ల పైన, పడుకునే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదు. తలనొప్పి, వాంతులు ఉంటే పైకి వెళ్లొద్దు. ముదిరితే కిందికి దిగాల్సిందే.

అపోహ: ఎవరేమన్నా పట్టించుకోకపోవడమే ధైర్యం.

వాస్తవం: అన్నిట్లోకీ ప్రమాదకరమైంది ఇదే. వద్దన్నవాళ్లను "ఎందుకు?" అని అడగండి. జవాబులో నలుగురూ ఏమనుకుంటారో ఉంటే వదిలేయండి. గాలి, మంచు, నది, టైమ్ ఉంటే ఆగి వినండి. మంచు కరిగి పారే ఏరు పొద్దున మోకాలి లోతుంటే, మధ్యాహ్నానికి నడుము దాకా రావచ్చు. అందుకే "ఇప్పుడు దాటొద్దు, రేపు పొద్దున చూద్దాం" అంటాడు గైడ్. ఆయన వద్దంటున్నది ఆ గంటని, మిమ్మల్ని కాదు.

ఒకసారి ఓ కుర్రాడు రెండు రోజుల తలనొప్పి నా దగ్గర దాచాడు. ఒక కాలి మడమకు రెండో కాలి వేళ్లు ఆనిస్తూ తిన్నగా నడవమంటే తూలిపోయాడు, అంటే మెదడు వాస్తోందన్నమాట. ఆ రాత్రే టార్చ్ వెలుగులో కిందికి దింపాం. ఎందుకు చెప్పలేదని అడిగితే, "చెప్తే ఇంట్లోవాళ్ల మాటే నెగ్గినట్టవుతుంది కదన్నా" అన్నాడు.