లైవ్‌లో కనిపించని ఫైల్ ఎక్కడుంది? ప్రాజెక్టులు చేస్తున్న పిల్లలకు ఉత్తరం

చిరంజీవులందరికీ ఆశీస్సులు.

డిగ్రీ, బీటెక్ చివరి ఏడాది ప్రాజెక్టుల కాలం వచ్చిందంటే మీ దగ్గర్నుంచి నాకు ఒకే రకం ఫోన్లు వస్తాయి. "మామయ్యా, నా ల్యాప్‌టాప్‌లో అంతా బాగానే వస్తోంది. హోస్టింగ్‌లో పెట్టాక బొమ్మలు లేవు, రంగులు లేవు, ఒక పేజీ అయితే తెరుచుకోవడమే లేదు." తెల్లారితే వైవా అంటే ఎంత టెన్షన్‌గా ఉంటుందో నాకు తెలుసు. ఆ టెన్షన్‌లో మీరు చేసే పనులూ తెలుసు. కోడ్‌లో ఇక్కడో చుక్క, అక్కడో స్లాష్ మార్చి చూస్తారు. విసుగొచ్చి ప్రాజెక్టు మొత్తం తీసేసి మళ్లీ అప్‌లోడ్ చేస్తారు. అలా చీకట్లో తడుముకోవద్దని చెప్పడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను. ఫైల్ దొరకని తప్పుల్లో ఊహించాల్సింది చాలా తక్కువ. సర్వర్, అంటే అడిగిన ఫైళ్లను బ్రౌజర్‌కు పంపేది, ఏ పేరు కోసం ఎక్కడ వెతికిందో దాదాపు ఎప్పుడూ ఎక్కడో ఒకచోట రాసే ఉంటుంది. ముందు దాన్ని చదవాలి, తర్వాతే కోడ్ మీద చెయ్యి వేయాలి.

మీరు పెట్టిన ప్రతి ఫైల్‌కీ రెండు చిరునామాలు ఉంటాయి. ఒకటి డిస్క్ మీదది, ఇంకొకటి బ్రౌజర్‌లో కొట్టేది. ఈ రెంటినీ కలిపేది డాక్యుమెంట్ రూట్ అనే ఫోల్డర్. విండోస్‌లో జాంప్ (సొంత ల్యాప్‌టాప్‌లోనే సర్వర్ నడిపే సాఫ్ట్‌వేర్) వేసుకున్నవాళ్లకు అది సీ డ్రైవ్‌లో జాంప్ లోపలి హెచ్‌టీడాక్స్. ఉబుంటు అనే లైనక్స్‌లో అపాచీ అనే సర్వర్ ప్రోగ్రామ్ వేస్తే మామూలుగా /వార్/డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ/హెచ్‌టీఎంఎల్. సీప్యానెల్ (సైట్‌ను చూసుకునే కంట్రోల్ ప్యానెల్) ఉన్న హోస్టింగ్‌లో పబ్లిక్_హెచ్‌టీఎంఎల్. పేర్లు వేరైనా మూడూ చేసే పని ఒక్కటే. బ్రౌజర్ చిరునామాలో సైట్ పేరు తర్వాత వచ్చే మొదటి స్లాష్ ఈ ఫోల్డర్ దగ్గర మొదలవుతుంది. దానికి పైనున్న ఫోల్డర్లు బ్రౌజర్‌కు అందవు. ఇంకో మాట. ఫైల్ మీద డబుల్ క్లిక్ చేసి తెరిస్తే పైన చిరునామాలో 'ఫైల్' అని, ఆ వెనక మూడు స్లాష్‌లు కనిపిస్తాయి. అక్కడ సర్వరే లేదు. సర్వర్ మీద నడిచే పీహెచ్‌పీ కోడ్ నడవదు, స్లాష్‌తో మొదలయ్యే పాత్‌లు (ఫైల్‌కు దారి చెప్పే రాతలు) మీ డ్రైవ్ మొదటికి పోతాయి. లోకల్‌లో, అంటే మీ సొంత ల్యాప్‌టాప్‌లో, పరీక్షించడమంటే లోకల్‌హోస్ట్ అన్న చిరునామా ద్వారా తెరవడమే.

ఇక పేజీ పగిలినప్పుడు చేయాల్సిన మొదటి పని. ఎఫ్12 నొక్కి నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి, పేజీని రీలోడ్ చేయండి. ఎర్రగా ఉన్న వరుస మీద నొక్కితే బ్రౌజర్ అడిగిన పూర్తి చిరునామా కనిపిస్తుంది. మీరు కోడ్‌లో రాసింది ఒకటి, బ్రౌజర్ దాన్ని విప్పుకుని అడిగింది మరొకటి. మనకు కావాల్సింది ఆ రెండోది. దాన్ని కాపీ చేసి కొత్త ట్యాబ్‌లో తెరవండి. ఇంకో పక్క ఫైల్ మేనేజర్‌లో అసలు ఫైల్ ఎక్కడుందో తెరిచి పెట్టుకుని, రెంటినీ ఎడమ నుంచి కుడికి అక్షరం అక్షరం పోల్చండి. తేడా ఎక్కడ వచ్చిందో అక్కడే మీ తప్పు ఉంది. 404 వస్తే ఆ చిరునామాలో ఫైల్ లేదని, 403 వస్తే ఇవ్వడానికి అనుమతి లేదని, 500 వస్తే సర్వర్ లోపల ఏదో కూలిందని అర్థం. 500 వచ్చినప్పుడు పాత్‌లు మారుస్తూ కూర్చోకుండా సర్వర్ తన తప్పులు రాసుకునే ఎర్రర్ లాగ్‌కు నేరుగా వెళ్లండి.

ఇక్కడ ఒక మాయ ఉంది. కొన్ని సైట్లు లేని ఫైల్ అడిగినా 200 అనే మంచి జవాబు ఇచ్చి, హోమ్ పేజీనే పంపేస్తాయి. సీఎస్‌ఎస్ (పేజీ రంగులూ రూపమూ చెప్పే ఫైల్) అడిగితే హెచ్‌టీఎంఎల్ వస్తుంది. అప్పుడు కన్సోల్‌లో 'మైమ్ టైప్' (వచ్చింది ఏ రకం ఫైలో చెప్పే గుర్తు) సరిగా లేదని బ్రౌజర్ ఫిర్యాదు చేస్తుంది. మీరు మైమ్ టైప్ ఎలా మార్చాలా అని వెతుక్కుంటూ పోతారు. అసలు జబ్బు మాత్రం పాత్‌దే. కాబట్టి రెస్పాన్స్‌లో నిజంగా ఏం వచ్చిందో కూడా చూడండి.

లోకల్‌లో వచ్చి లైవ్‌లో రానివాటిలో నాకు ఎక్కువగా ఎదురయ్యేది క్యాపిటల్, స్మాల్ అక్షరాల గొడవ. విండోస్ మామూలుగా ఈ తేడా పట్టించుకోదు. ఫోల్డర్ పేరు క్యాపిటల్ ఐతో 'ఇమేజెస్' అని ఉండి, మీరు కోడ్‌లో స్మాల్ ఐ రాసినా ఫైల్ తెచ్చి ఇస్తుంది. మ్యాక్ కూడా సాధారణంగా అంతే. మన హోస్టింగ్ సర్వర్లలో ఎక్కువ భాగం లైనక్స్‌వి. లైనక్స్‌కు ఫైల్ పేరు అంటే బైట్ల వరుస, అంటే సంఖ్యల వరుస. క్యాపిటల్ ఏ అంటే 65, స్మాల్ ఏ అంటే 97. రెండూ వేరు సంఖ్యలు, కాబట్టి రెండూ వేరు ఫైళ్లు. మీ ల్యాప్‌టాప్ ఇన్నాళ్లూ మీ తప్పును దాచిపెట్టింది, లైవ్ సర్వర్ బయటపెట్టింది, అంతే. ఫోన్‌తోనో కెమెరాతోనో తీసిన ఫొటోల చివర జేపీజీ అన్నది క్యాపిటల్స్‌లో ఉండటం కూడా ఇలాగే దెబ్బతీస్తుంది. ప్రాజెక్టు మొదటిరోజే ఒక నియమం పెట్టుకోండి: అన్నీ స్మాల్ అక్షరాలు, ఖాళీల బదులు హైఫన్.

గిట్ (కోడ్‌లో మార్పులను నమోదు చేసే సాధనం) వాడేవాళ్లకు దీంట్లోనే ఇంకో మెలిక. విండోస్‌లో ఫైల్ పేరులో క్యాపిటల్‌ను స్మాల్‌గా మార్చి కమిట్ చేస్తే, గిట్ ఆ మార్పును గుర్తించకపోవచ్చు. అక్కడ క్యాపిటల్, స్మాల్ తేడా పట్టించుకోవద్దనే 'ఇగ్నోర్‌కేస్' సెట్టింగ్ ఆన్‌లో ఉంటుంది. మీ ఫోల్డర్‌లో కొత్త పేరు, సర్వర్‌కు వెళ్లేది పాత పేరు. మార్చాను కదా, ఎందుకు రావట్లేదని రాత్రంతా తల పట్టుకునే పిల్లల్ని చూశాను. పేరును 'గిట్ ఎంవీ' కమాండ్‌తో మార్చండి, ఇబ్బంది పోతుంది.

రెండో పెద్ద సంగతి, పాత్ ఎక్కడి నుంచి మొదలవుతోంది అన్నది. అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్‌కు దారి అడిగితే, "ఎడమకు తిరిగి రెండో సందు" అంటారు. మైత్రీవనం దగ్గర నిలబడినవాడికి అది సరిపోతుంది. ఎస్సార్ నగర్ మెట్రో దగ్గర దిగినవాడు అదే మాట పట్టుకుని నడిస్తే వేరే ఏదో హాస్టల్ ముందు తేలతాడు. రిలేటివ్ పాత్, అంటే ఉన్నచోటి నుంచి చెప్పే దారి, ఇలాంటిదే. ../ అంటే ఒక ఫోల్డర్ వెనక్కి అని మీకు తెలుసు. మరి ఏ చోటి నుంచి వెనక్కి?

ఇమేజ్ ట్యాగ్‌లో రాసిన పాత్‌ను బ్రౌజర్ పేజీ చిరునామా నుంచి లెక్కిస్తుంది. సీఎస్‌ఎస్‌లో బ్యాక్‌గ్రౌండ్ బొమ్మకు రాసిన పాత్‌ను ఆ సీఎస్‌ఎస్ ఫైల్ ఉన్న చోటి నుంచి లెక్కిస్తుంది. జావాస్క్రిప్ట్‌లో ఫైల్ తెప్పించే ఫెచ్‌కు ఇచ్చిన పాత్ మళ్లీ పేజీ నుంచే, స్క్రిప్ట్ ఏ ఫోల్డర్‌లో ఉన్నా సరే. ఒకే పాత్‌ను మూడు చోట్లా కాపీ చేసి, ఒకచోట వచ్చి ఇంకోచోట రాకపోతే కారణం ఇదే. పేజీ చిరునామా చివర స్లాష్ ఉందా లేదా అన్నది కూడా లెక్కను మార్చేస్తుంది. 'అబౌట్' అన్న చిరునామాలో 'ఇమేజెస్' అంటే రూట్‌లోని ఇమేజెస్. 'అబౌట్/' అయితే అబౌట్ లోపలి ఇమేజెస్.

మరి స్లాష్‌తో మొదలుపెడితే గొడవ ఉండదు కదా అంటారు. ఉండదు, రెండు చోట్లా రూట్ ఒకటే అయితే. లోకల్‌లో మీ ప్రాజెక్టు లోకల్‌హోస్ట్/కాలేజ్ దగ్గర ఉంటుంది, లైవ్‌లో నేరుగా సైట్ మొదట్లో ఉంటుంది. /ఇమేజెస్ అని రాస్తే లోకల్‌లో అది కాలేజ్ ఫోల్డర్ బయటికి పోతుంది. దీనికి నాకు నచ్చిన మందు, లోకల్‌ను లైవ్ లాగే పెట్టుకోవడం. పీహెచ్‌పీ 5.4 వచ్చిన 2012 నుంచి దాంట్లోనే ఒక చిన్న సర్వర్ ఉంది. ప్రాజెక్టు ఫోల్డర్‌లో నిలబడి దాన్ని ప్రారంభిస్తే ఆ ఫోల్డరే రూట్ అవుతుంది. అపాచీయే కావాలంటే ప్రాజెక్టుకు విడిగా రూట్ ఇచ్చే వర్చువల్ హోస్ట్ పెట్టుకోండి. మొదట కాస్త పని ఎక్కువ, తర్వాత ప్రతి ప్రాజెక్టుకూ సుఖం.

పీహెచ్‌పీలో ఒక ఫైల్‌లోకి ఇంకో ఫైల్‌ను తెచ్చుకునే ఇన్‌క్లూడ్ కథ వేరు. అక్కడ బ్రౌజర్ పాత్రే లేదు, అంతా డిస్క్ పాత్‌లే. ./ తోనో ../ తోనో మొదలయ్యే ఇన్‌క్లూడ్‌ను పీహెచ్‌పీ ప్రస్తుత వర్కింగ్ డైరెక్టరీ నుంచి లెక్కిస్తుంది. వెబ్‌లో అది సాధారణంగా మొదట పిలిచిన పేజీ ఉన్న ఫోల్డర్. అందుకే హోమ్ పేజీ నుంచి చక్కగా నడిచిన హెడర్ ఫైల్, అడ్మిన్ ఫోల్డర్‌లోని పేజీ నుంచి పిలవగానే తన పక్కనే ఉన్న కాన్ఫిగ్ ఫైల్ దొరకలేదంటుంది. అదే స్క్రిప్ట్‌ను రోజూ రాత్రి నడవమని క్రాన్‌లో (వేళకు పనులు నడిపే ఏర్పాటులో) పెడితే అక్కడ మరో వర్కింగ్ డైరెక్టరీ. ఇన్‌క్లూడ్ పాత్ ముందు ఎప్పుడూ __డిర్__ కాన్‌స్టెంట్ పెట్టండి. ఇది రాసిన ఫైల్ ఏ ఫోల్డర్‌లో ఉందో ఆ ఫోల్డర్ పూర్తి పాత్‌ను అది ఇస్తుంది, ఎవరు ఎక్కడి నుంచి పిలిచినా మారదు. పాత్‌లో ముందుకు వాలిన స్లాష్ / మాత్రమే వాడండి. వెనక్కి వాలిన స్లాష్ \ డాస్ కాలం నుంచి వచ్చిన అలవాటు. 1983లో ఎంఎస్-డాస్ రెండో వెర్షన్‌లో ఫోల్డర్లు వచ్చేనాటికే / గుర్తును కమాండ్ల ఆప్షన్లకు వాడేస్తున్నారు, అందుకని దీన్ని తీసుకున్నారు. లైనక్స్‌లో అది పేరులో మామూలు అక్షరం, ఫోల్డర్లను విడదీయదు. ముందుకు వాలింది పీహెచ్‌పీలో విండోస్ మీదా పనిచేస్తుంది.

కొన్ని పాత్‌లు కోడ్‌లో కాకుండా డేటాబేస్‌లో కూర్చుని ఉంటాయి. వర్డ్‌ప్రెస్ సైట్‌ను లోకల్ నుంచి లైవ్‌కు మార్చినప్పుడు ఆప్షన్స్ టేబుల్‌లో సైట్‌యూఆర్‌ఎల్, హోమ్ అన్న రెండు వరుసల్లో లోకల్‌హోస్ట్ అలాగే ఉండిపోతుంది. ఇది చాలా మోసం చేసే తప్పు. ఎందుకంటే మీ ల్యాప్‌టాప్‌లో జాంప్ నడుస్తుంటే, లైవ్ పేజీలోని బొమ్మలు మీ ల్యాప్‌టాప్ నుంచే వచ్చి మీకు మాత్రం బాగా కనిపించవచ్చు. లోకల్‌హోస్ట్ అంటే చూసేవాడి సొంత మెషీన్. ఎగ్జామినర్ తెరిస్తే ఖాళీ. కాబట్టి జాంప్ ఆపేసి, ఫోన్‌లో మొబైల్ డేటా మీద ఒకసారి సైట్ తెరిచి చూడండి. డేటాబేస్‌లో పాత చిరునామా మార్చేటప్పుడు మొత్తం డంప్‌లో (డేటాబేస్‌ను ఫైల్‌గా తీసిన కాపీలో) ఫైండ్-రీప్లేస్ కొట్టకండి. వర్డ్‌ప్రెస్ కొన్ని విలువలను పొడవుతో సహా దాస్తుంది. అక్షరాల సంఖ్య మారితే ఆ విలువ చెడిపోతుంది. దీనికోసమే వర్డ్‌ప్రెస్ కమాండ్ లైన్‌లో సెర్చ్-రీప్లేస్ ఉంది.

హోమ్ పేజీ వస్తూ మిగతావన్నీ 404 అయితే చిరునామాల రూల్స్ ఉండే చుక్క హెచ్‌టీయాక్సెస్ ఫైల్‌ను అనుమానించండి. పేరు చుక్కతో మొదలవుతుంది కాబట్టి సీప్యానెల్ ఫైల్ మేనేజర్‌లో దాచిన ఫైళ్లు చూపించమని సెట్టింగ్ పెడితే గానీ కనిపించదు. చాలాసార్లు అసలు అప్‌లోడే అయి ఉండదు. ఇంజిన్‌ఎక్స్ సర్వర్ అయితే ఆ ఫైల్‌ను చదవనే చదవదు, రూల్స్ దాని కాన్ఫిగ్‌లో రాయాలి.

చిన్నవి గబగబా చెప్పేస్తాను. జిప్ విప్పినప్పుడు పబ్లిక్_హెచ్‌టీఎంఎల్ లోపల ఇంకో ఫోల్డర్ తయారై అన్నీ అందులో పడతాయి, చూసుకోండి. విండోస్ ఎక్స్‌టెన్షన్లు దాచేస్తుంది, మీరు హెచ్‌టీఎంఎల్ అనుకున్నది హెచ్‌టీఎంఎల్.టీఎక్స్‌టీ కావచ్చు. ఫైల్ మార్చినా పాతదే వస్తుంటే కంట్రోల్, ఎఫ్5 కలిపి నొక్కండి. తెలుగులో ఫైల్ పేర్లు పెట్టడం తప్పేమీ కాదు, బ్రౌజర్లు చూపిస్తాయి. కానీ చిరునామాలో ఒక్కో బైట్ మూడు గుర్తులవుతుంది. 'ఫోటో' అన్న మాటే 36 గుర్తుల వరుసగా మారి, పోల్చి చూడటం కష్టమవుతుంది.

403 గురించి మాత్రం నెమ్మదిగా వినండి. ఎవరు చదవొచ్చో, ఎవరు మార్చొచ్చో చెప్పే అనుమతి అంకెల్లో ఫైళ్లకు 644, ఫోల్డర్లకు 755 మామూలుగా సరిపోతాయి. ఫైల్ ఒక్కటే సరిగా ఉంటే చాలదు. పై నుంచి దానిదాకా ఉన్న ప్రతి ఫోల్డర్‌లోకి వెళ్లే అనుమతి సర్వర్‌కు ఉండాలి. ఒక్క చోట లేకపోయినా 403 వస్తుంది. ఎవరో చెప్పారని అన్నిటికీ 777 ఇవ్వకండి, దయచేసి. అంటే ఆ సర్వర్ మీద ఉన్న ఏ యూజర్ అయినా, ఏ ప్రోగ్రామ్ అయినా మీ ఫైల్‌ను మార్చవచ్చు. అప్‌లోడ్ ఫోల్డర్‌లో రాయడం కుదరకపోతే ఆ ఫోల్డర్ ఓనర్ ఎవరో చూడండి. ఉబుంటులో అపాచీ నడిచేది డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా అనే యూజర్ పేరు మీద.

చివరిగా లాగ్. జాంప్‌లో అపాచీ ఫోల్డర్ లోపల లాగ్స్‌లో ఉంటుంది, ఉబుంటులో /వార్/లాగ్/అపాచీ2 లో, సీప్యానెల్‌లో ఎర్రర్స్ అన్న చోట. పీహెచ్‌పీ ఇన్‌క్లూడ్ విఫలమైతే ఏ ఫైల్ కోసం చూసిందో, ఏ లైన్‌లో ఆగిందో అందులో ఉంటుంది. లైవ్‌లో ఎర్రర్లను స్క్రీన్ మీద చూపించే సెట్టింగ్ ఆపేసి లాగ్‌లోకి పంపండి. స్క్రీన్ మీద పడే ప్రతి ఎర్రర్ మీ డిస్క్ పాత్‌ను ముక్కూమొహం తెలియనివాళ్లకు చెబుతుంది. సమస్య తీరాక, వెతుకులాటలో మీరు పెట్టిన టెస్ట్ ఫైళ్లు, సర్వర్ వివరాలు చూపించే పీహెచ్‌పీఇన్ఫో పేజీ, డేటాబేస్ డంప్, పాత జిప్‌లు పబ్లిక్_హెచ్‌టీఎంఎల్‌లో మిగలకుండా తీసేయండి. పాస్‌వర్డ్‌లున్న ఎన్వ్ ఫైల్‌ను రూట్‌కు ఒక మెట్టు పైన పెట్టండి. తర్వాత దాని చిరునామాను బ్రౌజర్‌లో మీరే కొట్టి, 404 వస్తోందని చూసుకున్నాకే లింక్‌ను మీ గైడ్‌కు పంపండి.

ఇట్లు,
మీ మామయ్య,
ఎస్సార్ నగర్, హైదరాబాద్