ఇంటిపేరు ఒక్కటే క్లాన్ కాదు: స్కాట్లండ్ పూర్వీకుల అన్వేషణలో అపోహలు – వాస్తవాలు

ఎడిన్‌బరోలో వంశ పరిశోధనే వృత్తిగా పెట్టుకున్న నాకు కెనడా, ఆస్ట్రేలియాల నుంచి, అప్పుడప్పుడు గుంతకల్లు, లాలాగూడ రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగిన ఆంగ్లో ఇండియన్ల నుంచి ఉత్తరాలు వస్తుంటాయి. దేశాలు వేరైనా అడిగేది ఒక్కటే: "మా ఇంటిపేరు కాంప్‌బెల్. ఆర్గైల్ ప్రభువుల క్లాన్ మాది. ఆ వంశంతో మా తాతగారిని కలిపి చూపగలరా?" (క్లాన్ అంటే స్కాట్లండ్‌లో ఒక నాయకుడి పేరు కింద నడిచిన జనసమూహం.) గత నెలలో ఇదే ప్రశ్న మూడోసారి వచ్చిన తరువాత, ఒక్కొక్కరికీ విడిగా జవాబివ్వడం కంటే అందరికీ కలిపి రాయడం మేలనిపించింది.

అపోహ: ఇంటిపేరు క్లాన్ పేరుతో కలిస్తే మనం ఆ క్లాన్ నాయకుడి సంతతే.

వాస్తవం: డబ్బునూ కాలాన్నీ ఆశనూ అన్నిటికంటే ఎక్కువగా హరించేది ఈ నమ్మకమే. ఇంటిపేరు ఒకటైనంత మాత్రాన దాయాదులు కారనీ, గోత్రమూ పూర్వీకుల ఊరూ తెలిస్తే తప్ప ఏ మాటా తేలదనీ మన ఇళ్ళలో పెద్దలకు చెప్పనక్కరలేదు. స్కాట్లండ్‌లో గోత్రం లేదు కనుక ఆ పని కూడా ఊరే, అంటే పారిషే (ఒక చర్చి పరిధిలోని ప్రాంతం), చేయాలి. స్కాట్లండ్ పాత భాష గేలిక్‌లో 'క్లాన్' అంటే సంతానం. ఆ అర్థమే చాలామందిని దారి తప్పించింది. ఉత్తరాన కొండ ప్రాంతమైన హైలాండ్స్‌లో ఒక నాయకుడి వెనుక ఉన్నవాళ్ళలో రక్తబంధువులు కొందరే. ఆయన భూమిని కౌలుకు చేసుకున్నవాళ్ళు, పక్క లోయవాళ్ళ దాడుల నుంచి రక్షణ కోరి వచ్చినవాళ్ళు, పిలిస్తే కత్తి పట్టి కదిలినవాళ్ళు మిగతా జనం. వాళ్ళలో ఎందరో ఆయన పేరునే తమ పేరుగా పెట్టుకున్నారు. సామాన్యులకు చాలాకాలం స్థిరమైన ఇంటిపేరే లేదు, తండ్రి పేరూ తాత పేరూ చెప్పుకుంటే సరిపోయేది.

పేరు పెట్టుకున్నవాళ్ళు ఉన్నట్టే వదులుకోవలసి వచ్చినవాళ్ళూ ఉన్నారు. 1603 ఏప్రిల్‌లో రాజు సలహా మండలి అయిన ప్రివీ కౌన్సిల్ మాగ్రెగర్ అనే పేరునే నిషేధించింది. మధ్యలో కొన్నేళ్ళు ఎత్తివేసినా, నిషేధం పూర్తిగా పోయింది 1774లోనే. ఆ కాలమంతా మాగ్రెగర్లు కాంప్‌బెల్, డ్రమ్మండ్, మర్రే, గ్రాంట్ వంటి పేర్లతో బతికారు. మాగ్రెగర్లలో అందరికంటే పేరుపడ్డ రాబ్ రాయ్ అంతటివాడు కూడా కాంప్‌బెల్ పేరు వాడుకున్నాడు. ఇక గ్లాస్గో, ఫైఫ్, లోథియన్ వంటి లోలాండ్స్ (దక్షిణపు పల్లపు) ప్రాంతాల్లో హైలాండ్స్ తరహా క్లాన్ వ్యవస్థే లేదు.

లాలాగూడలో పెరిగి ఇప్పుడు ఆస్ట్రేలియాలో ఉంటున్న ఒక పెద్దావిడ నా దగ్గరకు వచ్చేసరికే ఆర్గైల్ ప్రభువుల ఇన్వరేరీ కోట చూసి వచ్చారు. ఎవరో అమ్మిన వంశవృక్షం ఆమె సంచిలో ఉంది. అందులో 15వ శతాబ్దపు ప్రభువు నుంచి ఆమె ముత్తాత దాకా పేర్లు చక్కగా ఉన్నాయి కానీ ఒక్క పారిష్ పేరు గానీ ఒక్క రిజిస్టర్ పుట సంఖ్య గానీ లేదు. ఆ కాగితాన్ని పక్కన పెట్టి ఆమె తండ్రి నుంచి వెనక్కి నడిచాము. లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీ చర్చి రిజిస్టర్లలో ముత్తాత బాప్తిజం దొరికింది, అందులో ఆయన తండ్రి పనిచేసిన రెజిమెంటు పేరు ఉంది. ఆ రెజిమెంటు పేరుతో లండన్‌లో క్యూ అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో వెతికితే సైన్యం నుంచి విడుదల చేసిన కాగితం బయటపడింది: పుట్టిన పారిష్ కిల్‌బార్కన్, పని నేత, కళ్ళు బూడిదరంగు, సంతకం చేయవలసిన చోట ఇంటూ గుర్తు. కిల్‌బార్కన్ పెయిస్లీ దగ్గర చేనేతకు పేరుపడ్డ ఊరు. అక్కడి రిజిస్టర్‌లో ఆ సైనికుడి తండ్రి కూడా నేతగాడే. అంతకు వెనక్కి ఆధారం లేదు. ఆమె మొదట చాలాసేపు మాట్లాడలేదు. తరువాత ఆ ఇంటూ గుర్తు ఉన్న పుటకు నకలు రెండు కావాలని అడిగారు, ఒకటి తనకు, ఒకటి సికింద్రాబాదులో ఉన్న తమ్ముడికి.

కాబట్టి క్లాన్ నుంచి కిందికి దిగకూడదు, మన నుంచి పైకి ఎక్కాలి. స్కాట్లండ్‌లో 1855 జనవరి 1 నుంచి జనన, వివాహ, మరణాల నమోదు తప్పనిసరి అయింది. ఆ నమోదు పుస్తకాలుండే ఎడిన్‌బరో న్యూ రిజిస్టర్ హౌస్ గుమ్మటం కింద ఎరుపు సంపుటాలు జననాలకు, ఆకుపచ్చవి వివాహాలకు, నల్లవి మరణాలకు. వాటిలో నేను ముందు వెతికేది మరణ నమోదునే, ఎందుకంటే అందులో చనిపోయిన వ్యక్తి తల్లిదండ్రులిద్దరి పేర్లూ, తల్లి పుట్టింటిపేరుతో సహా ఉంటాయి. 1855కు ముందు కాలానికి పారిష్ రిజిస్టర్లే దిక్కు. అక్కడ పేరు కనబడకపోతే మనిషే లేడనుకోవద్దు: 1783 నుంచి 1794 వరకు ఒక్కో నమోదుకు 3 పెన్నీల పన్ను ఉండడంతో ఎందరో నమోదు మానేశారు, 1843లో చర్చి చీలిన తరువాత లక్షలమంది విడిపోయిన ఫ్రీ చర్చి వైపు వెళ్ళి ఈ రిజిస్టర్లకు దూరమయ్యారు.

మరికొందరు భయపడుతూ రాస్తారు, తాతమ్మకు పెళ్ళి కాలేదని తేలుతుందేమోనని. వాళ్ళకు నేను చెప్పేది, స్కాట్లండ్‌లో పాదిరి లేకుండా ఇద్దరూ ఒప్పుకుని ప్రకటించుకున్న పెళ్ళి 1940 వరకు చట్టబద్ధమే, కనుక చర్చి పుస్తకంలో లేనంత మాత్రాన పెళ్ళి జరగలేదని కాదు. ఒకవేళ జరగకపోయినా, ఆ తల్లిని కిర్క్ సెషన్ (స్థానిక చర్చి పెద్దల సభ) పెద్దలు పిలిచి విచారించిన పుటల్లో బిడ్డ తండ్రి పేరు చాలాసార్లు దొరుకుతుంది. అందులో ఆమె సిగ్గుపడవలసింది నాకైతే ఏమీ కనిపించలేదు.

మిగతావి క్లుప్తంగా. 'మాక్' పూర్తిగా రాస్తే స్కాట్, కుదిస్తే ఐరిష్ అన్నది పుకారు. ఒకే మనిషి పేరును ఒకే గుమాస్తా రెండు రకాలుగా రాసిన పుటలు ఎన్నో చూశాను. ఒక్కో క్లాన్‌కు ఒక్కో టార్టన్ (గళ్ళ నేత బట్ట) అనే పద్ధతి 1822లో నాలుగో జార్జి ఎడిన్‌బరో వచ్చిన నాటి సంబరం తరువాత బలపడింది, ఏ టార్టన్ కట్టుకున్నా అడ్డుచెప్పే చట్టం లేదు. 'కుటుంబ చిహ్నం' అంటూ దుకాణంలో అమ్మే పలకను కొనకండి, స్కాట్లండ్‌లో ఆ చిహ్నం ఒక వ్యక్తికి చెందిన ఆస్తి, చిహ్నాల వ్యవహారాలు చూసే లార్డ్ లయన్ కోర్టు దాన్ని నమోదు చేస్తుంది. డీఎన్‌ఏ పరీక్షలో వచ్చే శాతాలు క్లాన్‌ను చెప్పవు. మగవాళ్ళకు చేసే వై క్రోమోజోమ్ పరీక్ష తండ్రి, ఆయన తండ్రి, ఇలా వెనక్కి వెళ్ళే వరుసను మాత్రమే చూపుతుంది, అది కూడా కాగితాలతో కలిపి చూసినప్పుడే పనికొస్తుంది.

నాకు రాసేవాళ్ళు క్లాన్ పేరు రాయనక్కరలేదు. ఇంట్లో ఉన్న పాత బైబిలు మొదటి పుట, సమాధి రాతి ఫొటో, రైల్వే సర్వీసు పుస్తకం, పెద్దవాళ్ళు పలికే ఊరిపేరు వాళ్ళు పలికినట్టే తెలుగు అక్షరాల్లో రాసి పంపండి. పలుకుబడిని బట్టి పారిష్‌ను గుర్తుపట్టగలిగిన సందర్భాలు నాకు చాలా ఉన్నాయి.