పడుకునే తీరు, పీడకలలు: అపోహలు - వాస్తవాలు

పీడకలలు వస్తున్నాయని చెప్పుకోవడానికి చాలామంది మొహమాటపడతారు. గురక గురించి, నిద్ర పట్టకపోవడం గురించి వివరంగా చెప్పి, ఆఖర్లో "ఇంతకీ ఏ పక్కకి తిరిగి పడుకోవాలి డాక్టర్ గారూ?" అని అడుగుతారు. ఆ ప్రశ్న వెనక ఎన్నో రాత్రుల భయం ఉంటుంది కాబట్టి నేను దాన్ని తేలిగ్గా తీసుకోను. పడుకునే తీరుకీ కలలకీ కొంత సంబంధం ఉంది. ఆ సంబంధం ఎక్కువగా మన ఊపిరి మీదుగా, మధ్యలో వచ్చే మెలకువల మీదుగా నడుస్తుంది.

అపోహ: ఎడమవైపు పడుకుంటే పీడకలలు, కుడివైపు పడుకుంటే మంచి కలలు

దీనికి ఒక ఆధారం చూపిస్తుంటారు. 2004లో టర్కీ పరిశోధకులు ఒక చిన్న అధ్యయనం ప్రచురించారు. కుడివైపు పడుకునే 41 మందిలో ఆరుగురు, ఎడమవైపు పడుకునే 22 మందిలో తొమ్మిది మంది తమకు పీడకలలు వస్తాయన్నారు. శాతాల్లో చెబితే దాదాపు 15, 41. తేడా పెద్దగానే కనిపిస్తుంది. కానీ మొత్తం కలిపి 63 మందే. ఎడమవైపు వాళ్లలో ముగ్గురు నలుగురు మరోలా చెప్పి ఉంటే ఆ తేడా చాలావరకు తగ్గిపోయేది. ఇంత చిన్న లెక్క పట్టుకుని ఎవరూ పక్క మార్చుకోనక్కర్లేదు.

ఇంకో చిక్కు ఉంది. "నేను ఎడమవైపే పడుకుంటాను" అని మనం చెప్పేది నిద్ర పట్టకముందు సంగతి. రాత్రంతా వీడియో తీసి చూస్తే మామూలు మనిషి పది, ఇరవై సార్లు, కొందరు అంతకంటే ఎక్కువగానే అటూ ఇటూ మసులుతారు. తెల్లవారుజామున కల వచ్చేసరికి ఏ పక్కన ఉన్నారో వాళ్లకే తెలియదు.

ఎసిడిటీ ఉన్నవాళ్లకు నిజానికి ఎడమవైపే మేలు. జీర్ణాశయం అమరిక వల్ల అటు తిరిగితే ఆమ్లం గొంతువైపు ఎక్కడం తగ్గుతుంది. పీడకలల భయంతో వాళ్లు కుడివైపుకు మారితే ఛాతీలో మంట పెరిగి, మాటిమాటికీ మెలకువ వచ్చి, ఉన్న నిద్ర కూడా చెడుతుంది. గుండె బలహీనంగా ఉండి ఎడమవైపు పడుకుంటే ఆయాసం వచ్చేవాళ్ల సంగతి వేరు. వాళ్లు తమకు ఎటు హాయిగా ఉంటే అటే పడుకోవాలి.

అపోహ: వెల్లకిలా పడుకుంటే ఏదో వచ్చి గుండెల మీద కూర్చుంటుంది

ఈ అనుభవం నిజమైనదే. చెప్పినవాళ్లను నమ్మండి, నవ్వకండి. మెలకువ వచ్చినట్టే ఉంటుంది, గది కనిపిస్తుంది, కానీ చెయ్యి కదలదు, నోరు పెగలదు. ఛాతీ మీద బరువు, గదిలో ఎవరో ఉన్నట్టు అనిపించడం, ఊపిరి ఆడనట్టు ఉండటం. దీన్ని స్లీప్ పెరాలిసిస్ అంటాం. వందలో ఏడెనిమిది మందికి జీవితంలో ఒక్కసారైనా ఇది ఎదురవుతుంది.

కారణం మన శరీరంలోనే ఉంది. ఎక్కువ కలలు వచ్చే దశను రెమ్ నిద్ర అంటారు. 1953లో దీన్ని మొదటిసారి వివరించారు. ఈ దశలో కళ్లను కదిపేవి, ఊపిరి తీయించేవి తప్ప మిగతా కండరాలను మెదడు దాదాపుగా వదులు చేసేస్తుంది. మనం కలలో పరుగెడుతున్నా మంచం మీదే ఉండేది అందుకే. ఒక్కోసారి తెలివి ముందొచ్చి, కండరాలు ఇంకా మేలుకోవు. కల తాలూకు భయం కూడా అలాగే మిగిలి ఉంటుంది. కొన్ని సెకన్లలో, మహా అయితే కొద్ది నిమిషాల్లో అదే వీడిపోతుంది. ప్రాణానికి ప్రమాదం లేదు.

ఇక్కడ మాత్రం పడుకునే తీరు పాత్ర గట్టిగానే ఉంది. వెల్లకిలా ఉన్నప్పుడే ఇది ఎక్కువగా వస్తుందని అధ్యయనాలు చెబుతున్నాయి. నిద్ర సరిపోకపోవడం, వేళలు తారుమారు కావడం, టెన్షన్ కూడా దీన్ని పెంచుతాయి. తరచూ వస్తుంటే పక్కకి తిరిగి పడుకుని చూడమని నేను తప్పకుండా చెబుతాను.

దీనికంటే నేను ఎక్కువగా పట్టించుకునేది స్లీప్ అప్నియా, అంటే నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడటం. వెల్లకిలా ఉంటే నాలుక, మెత్తటి అంగిలి వెనక్కి జారి గొంతు దారి ఇరుకవుతుంది. రెమ్ నిద్రలో గొంతు కండరాలు ఇంకా వదులవుతాయి. తెల్లవారే కొద్దీ రెమ్ దశలు పొడవవుతాయి. ఈ మూడూ కలిసినప్పుడు ఆక్సిజన్ పడిపోయి, గుండె దడదడలాడుతూ మనిషి ఉలిక్కిపడి లేస్తాడు. సగంలో తెగిన కల అప్పుడు బాగా గుర్తుండిపోతుంది. పీడకలలతో పాటు గట్టి గురక, పొద్దున తలనొప్పి, పగటిపూట కునుకుపాట్లు ఉంటే స్లీప్ స్టడీ, అంటే నిద్రలో ఊపిరి, ఆక్సిజన్ లాంటివి కొలిచే పరీక్ష చేయించుకోండి. మాస్క్ ద్వారా గాలిని ఒత్తిడితో పంపి గొంతు దారి మూసుకోకుండా చూసే సీప్యాప్ మెషీన్ వాడటం మొదలుపెట్టాక ఊపిరితో పాటు పీడకలలూ సర్దుకున్నవాళ్లు ఉన్నారు.

అపోహ: బోర్లా పడుకుంటే వింత కలలే వస్తాయి

2012లో హాంకాంగ్‌లో 670 మంది విద్యార్థులను అడిగి చేసిన అధ్యయనం ఉంది. బోర్లా పడుకునేవాళ్లు ఊపిరాడనట్టు, కట్టేసినట్టు, కదల్లేనట్టు కలలు వస్తాయని, శృంగార కలలు కూడా వస్తాయని ఎక్కువగా చెప్పారు. ఇది వాళ్లు చెప్పిన మాటల మీద ఆధారపడిన లెక్కే అయినా, నాకు ఇందులో సబబు కనిపిస్తుంది. శరీరం మీద పడే ఒత్తిడి కలలోకి చొరబడగలదు. నిద్రలో ఉన్నవాళ్ల కాలికి బీపీ పట్టీ బిగించి చేసిన ప్రయోగాల్లో ఆ బిగువు కొందరి కలల్లోకి వచ్చింది. ఒత్తిడి కలకు కొంత సరుకు ఇస్తుందంతే. అది భయంగా మారుతుందా లేదా అన్నది ఆ మనిషి మనసును బట్టి ఉంటుంది.

అపోహ: పక్క మార్చుకుంటే పీడకలలు పోతాయి

ఎప్పుడో ఒక పీడకల రావడం అందరికీ మామూలే. వారానికి ఒకటి రెండు చొప్పున నెలల తరబడి వస్తున్నాయంటే మాత్రం కారణం దిండు దగ్గర వెతకకండి. మానని మానసిక గాయం, ఆందోళన, నిద్రలేమి, ఉన్నట్టుండి మద్యం మానేయడం, కొన్ని మందులు... ఇవన్నీ కారణాలు కావచ్చు. బీపీకి, గుండెకు వాడే ప్రొప్రనొలాల్ లాంటి మందులు, కొన్ని డిప్రెషన్ మందులు కలలను మార్చగలవు. అలాగని మీ అంతట మీరు మందు ఆపొద్దు, రాసిచ్చిన డాక్టర్‌తో మాట్లాడండి.

చికిత్స ఉంది, చాలామందికి తెలియకపోవడమే బాధ. మెలకువగా ఉన్నప్పుడు ఆ పీడకలను కాగితం మీద రాసి, దాని కథను మీకు నచ్చినట్టు మార్చి, కొత్త కథను రోజూ పది ఇరవై నిమిషాలు మనసులో ఊహించుకోవాలి. దీన్ని ఇమేజరీ రిహార్సల్ థెరపీ అంటారు. తీవ్రమైన గాయం తాలూకు కలలైతే ఒంటరిగా మొదలుపెట్టకుండా, తెలిసిన థెరపిస్ట్ సాయంతో చేయండి.

ఇక కలలో కొట్లాడుతూ నిజంగానే చేతులు విసిరేవాళ్లు, కాళ్లు తన్నేవాళ్లు, ముఖ్యంగా 50 దాటినవాళ్లు, ఏ పక్కకి పడుకున్నా సరే న్యూరాలజిస్ట్‌ను కలవాలి. రెమ్ నిద్రలో వదులు కావాల్సిన కండరాలు వదులు కాకపోతే ఇలా జరుగుతుంది. కొందరిలో ఇది పార్కిన్సన్స్ వ్యాధికి చాలా ఏళ్ల ముందే కనిపించే లక్షణం. అపాయింట్‌మెంట్ దొరికేలోపు మంచం పక్కన గాజు వస్తువులు, మొనదేలిన బల్లలు తీసేయండి. పక్కన పడుకునేవాళ్లు కొన్నాళ్లు వేరే మంచం మీద పడుకోవడం మంచిది.