వెటకారం ఎవరికి అర్థం కాలేదంటారు?

మా అక్క కొడుక్కి తొమ్మిదేళ్ళప్పటి సంగతి. సాయంత్రం ఆడుకోడానికి వెళ్ళినవాడు ఏడున్నర దాటాక వచ్చాడు, అక్క అప్పటికే గుమ్మంలో నిలబడి ఉంది, "అప్పుడే వచ్చేశావేంరా, ఇంకాసేపు ఆడుకుని రావాల్సింది" అంది. వాడు ఒక్క క్షణం ఆగి, "సరే" అని, విప్పిన చెప్పులు మళ్ళీ వేసుకుని వెళ్ళిపోయాడు. గోదావరి జిల్లా ఇల్లు మాది, పొద్దున కాఫీ దగ్గర మొదలైన వెటకారం రాత్రి మంచాలు వేసేదాకా నడుస్తూనే ఉంటుంది, అలాంటి ఇంట్లో ఈ దెబ్బకి అక్కకి ఏమనాలో కూడా తోచలేదు, పరిగెత్తుకెళ్ళి వీధి చివర్నుంచి వాణ్ణి పట్టుకొచ్చింది. వాడికి ఆటిజం ఉందని మాకు అప్పటికే తెలుసు. "వాళ్ళకి వెటకారం ఎక్కదండి" అని అందరూ చెప్పేదే, మేమూ సరే అనుకున్నాం.

తర్వాత చాలా ఏళ్ళు వాణ్ణి చూస్తూ, దీని మీద దొరికింది చదువుతూ వచ్చాక నాకు అనిపిస్తున్నదేంటంటే ఆ మాట సగమే నిజం, మిగతా సగం దానికంటే చాలా ఇంట్రెస్టింగ్‌గా ఉంటుంది.

అసలు వెటకారం అంటే ఉన్నదానికి వ్యతిరేకం చెప్పడం అని మనందరం అనుకుంటాం కదా. తత్వవేత్త పాల్ గ్రైస్ కూడా 1975లో దాదాపు అదే అన్నాడు, మనిషి పైకి కనపడేలా అబద్ధం ఆడితే వినేవాడు అసలు అర్థం కోసం వెతుక్కుంటాడని. కానీ అక్క అన్న మాటకి ఆ సూత్రం వేసి చూడండి, "ఇంకాసేపు ఆడుకుని రావాల్సింది"కి వ్యతిరేకం "ఆడుకుని రాకుండా ఉండాల్సింది" అవుతుంది, ఆవిడ ఉద్దేశం అదీ కాదు. 1981లో డాన్ స్పెర్బర్, డెయిర్డ్రి విల్సన్ అని ఇద్దరు దీనికి వేరే లెక్క చెప్పారు: వెటకారం ఆడేవాళ్ళు ఎదుటివాడి మనసులో ఉన్న మాటని తీసుకుని తమ నోటితో పలికి దాన్ని ఎగతాళి చేస్తారు, ఒక రకంగా ప్రతిధ్వని అన్నమాట. ఇది సరిగ్గా అతుకుతుంది. ఇంకాసేపు ఆడుకోవాలన్నది వాడి కోరిక, ఆ కోరికని అక్క తన గొంతుతో వాడికే వినిపించింది. అంటే వాడికి ఏం తెలియాలి? అమ్మకి కోపంగా ఉందని తెలియాలి, తన కోరిక అమ్మకి తెలుసని తెలియాలి, పైగా ఈ మాట తను నమ్మేస్తాడని అమ్మ అనుకోవట్లేదని కూడా తెలియాలి, ఇదంతా చెప్పు విప్పే లోపల. అలా చూస్తే వాడు తప్పడం వింత కాదు, మిగతావాళ్ళం ఇంత పనిని రోజూ ఆలోచించకుండా చేసేయడమే వింత.

గోదావరి మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. శాతవాహనుల కాలం నాటిదని చెప్పే గాథాసప్తశతిలో ఒక ప్రాకృత పద్యం ఉంది, అందులో ఒకామె ఒక భక్తుడితో అంటుంది, అయ్యా ఇక మీరు నిశ్చింతగా తిరగొచ్చు, మిమ్మల్ని భయపెట్టే ఆ కుక్కని గోదావరి ఒడ్డు పొదల్లో ఉండే సింహం ఇవాళ చంపేసింది అని. పైకి చూస్తే తిరగమని పర్మిషన్, లోపల చూస్తే ఇటు రావద్దని వార్నింగ్, ఎందుకంటే ఆ పొదలు ఆమె ప్రియుణ్ణి కలుసుకునే చోటు. తొమ్మిదో శతాబ్దంలో కశ్మీరులో ఆనందవర్ధనుడు ధ్వని గురించి, అంటే మాట వెనక స్ఫురించే అర్థం గురించి చెప్తూ ఈ పద్యాన్నే ఉదాహరణగా తీసుకున్నాడు, మాట చెప్పేది తిరగమని, వ్యంగ్యంగా తోచేది వద్దని. మనం ఇవాళ ఎత్తిపొడుపుకి వాడే "వ్యంగ్యం" అనే మాట ఈ చర్చల్లోంచి వచ్చిందే, అప్పట్లో దానికి అర్థం పైకి చెప్పకుండా స్ఫురింపజేసింది అని మాత్రమే. పాపం ఆ భక్తుడు మావాడి లాంటివాడైతే కుక్క పీడ పోయిందని సంతోషంగా నేరుగా పొదల్లోకి వెళ్ళేవాడు.

సరే, ల్యాబ్ సంగతికొద్దాం. 1985లో లండన్‌లో సైమన్ బారన్-కోహెన్, అలన్ లెస్లీ, యూటా ఫ్రిత్ కలిసి చేసిన బొమ్మల పరీక్ష చాలామంది వినే ఉంటారు. సాలీ అనే బొమ్మ గోళీని బుట్టలో పెట్టి బయటికెళ్తుంది, ఆన్ అనే బొమ్మ దాన్ని తీసి పెట్టెలో దాచేస్తుంది, సాలీ తిరిగొచ్చి ఎక్కడ వెతుకుతుంది అని అడుగుతారు. ఆటిజం ఉన్న 20 మంది పిల్లల్లో 16 మంది పెట్టెలో అన్నారు, అంటే తమకి తెలిసింది సాలీకి తెలియదన్న సంగతి పట్టుకోలేదు. ఆ 16 మంది గురించి ప్రపంచమంతా మాట్లాడుకుంది, కరెక్టుగా చెప్పిన మిగతా నలుగురి గురించి మాట్లాడుకున్నది తక్కువ.

ఆ నలుగురి లాంటివాళ్ళని పట్టించుకున్నది ఫ్రాన్సెస్కా హాపే అనే సైకాలజిస్టు. 1993లో ఆవిడ ఆటిజం ఉన్నవాళ్ళని ఇలాంటి పరీక్షల్లో ఎంతవరకు దాటారన్న దాన్నిబట్టి విడగొట్టి, ఉపమానాలూ రూపకాలూ వ్యంగ్యాలూ ఇచ్చి చూశారు. "వాడు సింహంలా ఉన్నాడు" లాంటి పోలిక దాదాపు అందరికీ అర్థమైంది, "వాడు సింహం" అనే రూపకం మొదటి మెట్టు, అంటే సాలీ లాంటి పరీక్ష దాటినవాళ్ళకి అర్థమైంది, వ్యంగ్యం మాత్రం రెండో మెట్టు కూడా దాటినవాళ్ళకి, అంటే ఇంకొకడు ఏమనుకుంటున్నాడని ఫలానా వాడు అనుకుంటున్నాడో చెప్పగలిగినవాళ్ళకి అందింది. గమనించారా, వాళ్ళందరికీ ఆటిజం ఉంది, అయినా అందులో వ్యంగ్యం అర్థమైనవాళ్ళున్నారు. ఈ ముక్క 1993 నుంచీ పేపర్ల మీద ఉంది, మనదాకా మాత్రం "వాళ్ళకి ఎక్కదండి" అన్న ముక్కే వచ్చింది.

అయితే అర్థమయ్యే దారి వేరు. 2006లో లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్ఏ యూనివర్సిటీ వాళ్ళు పిల్లలకి చిన్న చిన్న సన్నివేశాలు వినిపించి, చివర్లో అన్న మాట నిజమా వెటకారమా చెప్పమని, ఆ టైంలో మెదడుని స్కాన్ చేశారు. ఆటిజం ఉన్న పిల్లలు మిగతా పిల్లలకంటే కొంచెం ఎక్కువ తప్పులు చేశారు, ముఖ్యంగా సందర్భాన్నిబట్టి పట్టుకోవాల్సిన చోట, కానీ ఏదో గుడ్డిగా ఊహించి చెప్పినట్టు లేదు, చాలావరకు కరెక్టే. చూసేవాళ్ళకి ఆశ్చర్యం స్కాన్‌లో వచ్చింది, వాళ్ళ మెదడులో కుడివైపు ముందు భాగంలో ఒకచోటా, రెండు పక్కల చెవుల దగ్గరుండే టెంపోరల్ భాగాల్లోనూ పని తక్కువేం లేదు, మిగతావాళ్ళకంటే ఎక్కువే నడుస్తోంది. అంటే ఇంజన్ ఆగిపోలేదు, ఎత్తు ఎక్కుతోంది. మరుసటేడు అదే బృందం ఇంకో పేపర్‌లో, ముఖం చూడు, గొంతు విను అని పిల్లలకి విడిగా చెప్తే ఎదుటివాళ్ళ మనసు గురించి ఆలోచించేటప్పుడు పనిచేసే ముందరి మధ్య భాగం ఇంకా చురుగ్గా మారిందని చూపించింది.

నాకు అన్నిటికంటే నచ్చింది కెనడాలో పెన్నీ పెక్స్‌మన్ వాళ్ళు 2011లో రాసిన పేపర్. పిల్లలకి తోలుబొమ్మలాట లాంటిది చూపిస్తారు, బొమ్మ అన్న మాట మంచిగా అన్నదైతే బాతుని, దెప్పినదైతే సొరచేపని ఎంచుకోవాలి, మాటల్లో వివరించమని అడగరు. అలా అడిగితే ఆటిజం ఉన్న పిల్లలు కూడా మిగతావాళ్ళంత కరెక్టుగా చెప్పారు, తేడా కళ్ళు ఎటు వెళ్ళాయి, జవాబుకి ఎంతసేపు పట్టింది, అది వాళ్ళకి ఎంత నవ్వొచ్చేదిగా అనిపించింది అన్న దగ్గర వచ్చింది. పైగా ఇలాంటి పరీక్షల్లో చాలా తేడా అసలు భాష మీద పట్టువల్ల వస్తోందని, ఆటిజం వల్ల కాదని మోర్టన్ ఆన్ గెర్న్స్‌బేకర్ లాంటివాళ్ళు గట్టిగానే వాదించారు. కాబట్టి ఒక మనిషికి వెటకారం అర్థమవుతుందా అని అడిగితే, ఎంత టైం ఇచ్చారు, ఎంతమంది మాట్లాడుతున్నారు, ఫ్యాను సౌండు ఎంత ఉంది, ఇవన్నీ అడగాల్సిందే. నలుగురు ఒకేసారి మాట్లాడే చోట లెక్క తేలేసరికి టాపిక్ మారిపోతుంది.

ఈ లెక్క నేర్చుకున్నాక ఇంకో తంటా ఉంది, అది మాకు వాడి పదమూడో ఏట తెలిసింది. వాడి వ్యాసం చూసి స్కూల్లో ఒక టీచర్ "చాలా బాగా రాశావ్" అంటే, వీడు నిలబడి "నిజంగానా, వెటకారమా?" అని అడిగాడు. ఆవిడ దాన్ని పొగరనుకుంది. వాడు మాత్రం ఒట్టి సమాచారం కోసం అడిగాడు, ఎందుకంటే అప్పటికి క్లాసులో ముగ్గురు నలుగురు వాణ్ణి "ఆహా మేధావీ" అని పొగుడుతూ ఏడిపించేవాళ్ళు, ఏ పొగడ్త ఏ డబ్బాలో వేయాలో తేల్చుకోవడం వాడికి రోజూ పనే.

ఇక వాళ్ళు వెటకారం ఆడటం. ఆటిజం గురించి మొదట్లో రాసినవాళ్ళలో ఒకడైన ఆస్ట్రియా డాక్టరు హాన్స్ ఆస్పెర్గర్ 1944లోనే ఈ పిల్లలకి హాస్యం లేదని రాసిపడేశాడు, ఆ మాట ఇంకా వదల్లేదు. మొన్నామధ్య రాజమండ్రి నుంచి అమలాపురం పెళ్ళికి కార్లో వెళ్తున్నాం, నడిపేది మా పెద్ద బావగారు, అంటే వాడికి పెదనాన్న. రావులపాలెం దగ్గర హైవే దిగి షార్ట్‌కట్ అని కాలవ గట్టు ఎక్కించారు, మూడు చోట్ల ఆగి అడిగాం, ఒక చోట కొబ్బరికాయలు దింపుతున్నాయన మమ్మల్ని రెండోసారి చూసి నవ్వాడు కూడా. అప్పటిదాకా కిటికీలోంచి చూస్తూ కూర్చున్న మావాడు, ఇప్పుడు పంతొమ్మిదేళ్ళు, రైల్వే అనౌన్స్‌మెంట్ గొంతుతో "బాగుంది పెదనాన్నా, హైవే మీద వెళ్తే ఈ ఊళ్ళన్నీ రెండేసి సార్లు చూసే ఛాన్స్ ఉండేది కాదు" అన్నాడు. ముఖంలో గీత కదల్లేదు. వెనక సీట్లో అక్కా నేనూ నవ్వాపుకోలేక చచ్చాం. బావగారు మాత్రం అద్దంలోంచి చూసి "చూశారా, వాడికి ఎంత నచ్చిందో" అన్నారు.

ఇక్కడ వెటకారం అర్థం కానిది ఎవరికి? గొంతు సాగదీయడం, కనుబొమ్మ ఎగరేయడం, ఇవన్నీ మనం పెట్టుకున్న గుర్తులు, అవి లేకుండా వచ్చిన వెటకారాన్ని మనం పట్టుకోలేం, పైగా పాపం అమాయకుడు అని సర్టిఫికెట్ ఇచ్చేస్తాం. 2012లో డేమియన్ మిల్టన్ అనే బ్రిటిష్ పరిశోధకుడు, ఆయన స్వయంగా ఆటిస్టిక్, దీన్ని డబుల్ ఎంపతీ సమస్య అన్నాడు, అర్థం చేసుకోలేకపోవడం ఒక పక్కనే ఉండదు, రెండు పక్కలా ఉంటుందని. దాన్ని బలపరుస్తూ 2020లో ఎడిన్‌బరా నుంచి కేథరిన్ క్రాంప్టన్ వాళ్ళ ప్రయోగం వచ్చింది, ఎనిమిదేసి మంది వరసగా ఒకరికొకరు కథ చెప్పుకునే ఆట, అందరూ ఆటిస్టిక్ అయినా, ఎవరూ కాకపోయినా కథ బాగానే చేరింది, కలిపి కూర్చోబెడితేనే వివరాలు జారిపోయాయి. అయితే తర్వాత వాళ్ళే మూడొందల పైచిలుకు మందితో మళ్ళీ చేస్తే ఆ తేడా కనపడలేదు, దాన్నీ దాచకుండా అచ్చేశారు. కాబట్టి ఆ ఒక్క ప్రయోగాన్ని పట్టుకుని నేను జెండా ఎగరేయను, కాలవ గట్టు మీద కళ్ళారా చూసిందాన్ని మాత్రం కాదనలేను.

నెట్‌లో ఆటిస్టిక్ కుర్రాళ్ళు చాలామంది వాక్యం చివర ఒక ఏటవాలు గీతా ఎస్ (/s) పెడతారు, ఇది సార్కాజమ్ అని గుర్తు. జోకు చెప్పి ఇది జోకు అని చెప్పడమేంటి అని కొందరు విసుక్కుంటారు, నాకైతే సినిమాల్లో కమెడియన్ డైలాగు వెనక వేసే టుయ్ అనే సౌండ్ కంటే ఇది నయం. మా ఇంట్లో దానికి తెలుగు ఉంది, "వె". అక్క వాట్సాప్‌లో "ఇంకాసేపు ఉండి రా" అని పెడితే వాడు "వె?" అని అడుగుతాడు, ఆవిడ "వె" అని కొడుతుంది, వాడు పది నిమిషాల్లో గుమ్మంలో ఉంటాడు. ఎదురు మాట అనేటప్పుడు వాడు మాత్రం ఆ అక్షరం పెట్టడు, పెడితే మజా పోతుందట.

బావగారు మొన్న ఫోన్ చేశారు, వచ్చే నెల కాకినాడ వెళ్దాం, కుర్రాణ్ణి కూడా తీసుకురండి, ఈసారి ఇంకో కొత్త దారి ఉంది, వాడికి ఇష్టం కదా అని.