టార్చిలైటు సెల్లూ, చేతిలో సెల్లూ

మొన్న రాత్రి కరెంటు పోయింది. టార్చి వెలగలేదు. "సెల్లులు అయిపోయాయి, నీ సెల్లు లైటు ఇలా వెయ్యి" అన్నాను. మా మేనకోడలు వెయ్యకుండా, "రెండూ సెల్లులేనా మావయ్యా? మా సైన్సులో ఇంకోటుంది" అంది.

అన్నీ ఒకటే. లాటిన్‌లో 'సెల్లా' అంటే చిన్న గది. జైల్లో ఖైదీ ఉండేదీ అదే. గోశాల, పాఠశాలల్లోని మన 'శాల'నూ భాషావేత్తలు ఇదే కుదురుకు చేరుస్తారు. అయితే చెవికి ఒకలా వినబడ్డవన్నీ చుట్టాలు కావు. అమ్మడమనే 'సెల్' వేరే ఇంటిది.

1665లో ఇంగ్లండు శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ సీసా బిరడా బెండును పలచగా కోసి సూక్ష్మదర్శిని కింద పెట్టాడు. తేనెపట్టులా ఖాళీ గదులు! ఘనపు అంగుళంలో 125,97,12,000 ఉంటాయని లెక్కకట్టాడు. ఆయన చూసినవి ప్రాణం పోయిన గోడలే, అయినా ఆయన పెట్టిన 'సెల్' పేరు నిలిచిపోయింది. దానికి మనం వాడే 'కణం'లో ఆ గది లేదు, రేణువే ఉంది. అందుకే పిల్లలు దాన్ని చుక్కలా ఊహించుకుంటారు. గోడ, గుమ్మం, లోపల సామాను ఉన్న గది అని మొదలుపెడితే పాఠం ఎంత తేలికో!

కారు బ్యాటరీలోనూ గదులే: ఆరు, ఒక్కోటి సుమారు 2 వోల్టులు, కలిపితే 12.

ఇక ఫోను. 1947లో అమెరికా టెలిఫోను పరిశోధన సంస్థ బెల్ ల్యాబ్స్ ఇంజనీరు డగ్లస్ రింగ్, మొబైల్ ఫోన్ల కోసం ఊరిని షడ్భుజి గదులుగా విభజించే పథకం రాశాడు. షడ్భుజే ఎందుకు? టవరు సిగ్నలు గుండ్రంగా పరుచుకుంటుందనుకుందాం. గుండ్రాలను పక్కపక్కన పేర్చితే సందులు మిగులుతాయి. ఒకే రకం పలకతో సందు లేకుండా నేల పరవాలంటే భుజాలూ కోణాలూ సమానమైన ఆకారాల్లో త్రిభుజం, చదరం, షడ్భుజి మాత్రమే పనికొస్తాయి. వృత్తంలో ఇమిడే త్రిభుజం దాని వైశాల్యంలో 41 శాతం, చదరం 64, షడ్భుజి 83. అంటే షడ్భుజితోనే తక్కువ టవర్లతో సరిపోతుంది. తేనెటీగ లెక్క!

ఫోన్ల మాటలు మోసే రేడియో ఫ్రీక్వెన్సీలను ఏడు వాటాలు చేసి ఏడు గదులకు పంచారనుకోండి. మాటలు కలగాపులగం కాకుండా ఇరుగుపొరుగు గదులకు ఒకే వాటా రాదు, దూరపు గదికి మళ్లీ అదే ఇవ్వొచ్చు. జనం పెరిగితే గదిని చీల్చి చిన్నవి చేస్తే చాలు, ఉన్న ఫ్రీక్వెన్సీలే మరింతమందికి అందుతాయి. విజయవాడ బస్సులో మీరు మాట్లాడుతూ పోతుంటే, ఒక గది గుమ్మం దాటేలోపు పక్క గది టవరు మీ మాటను అందుకుంటుంది.