నైట్ డ్యూటీ అలవాటైపోతుందా? జీవగడియారంపై అపోహలు - వాస్తవాలు

నెల్లూరు జిల్లాలో రొయ్యల చెరువుల దగ్గర రాత్రి కాపలా ఉండేవారు, కృష్ణపట్నం పోర్టులో రాత్రి షిఫ్టు చేసేవారు తరచూ నా దగ్గరకు వస్తుంటారు. నిద్ర పట్టదు, షుగరు అదుపులో ఉండదు. వెంట వచ్చిన ఇంటివాళ్ల నోట నేను వినే మాటలివి.

అపోహ: నాలుగు నెలలు చేస్తే అదే అలవాటవుతుంది.

వాస్తవం: చాలామందికి పూర్తిగా అలవాటు కాదు. నిద్ర, మెలకువలను రోజు లెక్కన నడిపే లోపలి లయే జీవగడియారం, అది అంత తేలిగ్గా మారదు. 1938లో క్లైట్‌మన్ అనే శాస్త్రవేత్త, ఆయన విద్యార్థి రిచర్డ్‌సన్ అమెరికాలోని మామత్ గుహలో 32 రోజులు ఉండి, రోజుకు 28 గంటల లెక్కన బతికి చూశారు. యువకుడు రిచర్డ్‌సన్ చాలావరకు సర్దుకున్నాడు. నలభై దాటిన క్లైట్‌మన్ శరీర ఉష్ణోగ్రత మాత్రం 24 గంటల లెక్క వదల్లేదు. పక్క చెరువు కుర్రాడు హాయిగా ఉన్నాడని నలభై ఐదేళ్ల మనిషిని బద్ధకస్తుడని తిట్టడం అన్యాయం.

అపోహ: వెలుతురు చూస్తే మెలకువ, చీకటి పడితే నిద్ర, లోపల గడియారమేమీ లేదు.

వాస్తవం: 1729లోనే డి మెరాన్ అనే ఫ్రెంచి పండితుడు ఆకులు ముడుచుకునే మొక్కను చీకట్లో పెట్టి చూశాడు. ఎండ తగలకపోయినా ఆకులు పగలు విచ్చుకున్నాయి, రాత్రి ముడుచుకున్నాయి. 1971లో కొనోప్కా, బెంజర్ అనే శాస్త్రవేత్తలు పండుఈగల్లో ఒకే జన్యువు దెబ్బతింటే వాటి లోపలి గడియారం లెక్కలో ఒక రోజు 19 గంటలకు తగ్గడం, 28 గంటలకు పెరగడం, అసలు లయే పోవడం గమనించారు. ఆ జన్యువు పనితీరును విప్పి చెప్పిన హాల్, రోస్‌బాష్, యంగ్‌లకు 2017లో నోబెల్ వచ్చింది. మన పక్కనే మదురై కామరాజ్ విశ్వవిద్యాలయంలో ఎం.కె. చంద్రశేఖరన్ గుహల్లోని గబ్బిలాల లయను ఏళ్ల తరబడి పరిశీలించారు. వెలుతురు గడియారాన్ని సరిచేస్తుంది, అంతే. నడిపేది అది కాదు.

అపోహ: ఎప్పుడు తిన్నా అన్నం అన్నమే.

వాస్తవం: కాలేయానికీ క్లోమానికీ సొంత గడియారాలున్నాయి. పొద్దున తిన్న అన్నమే అర్ధరాత్రి తింటే రక్తంలో చక్కెర ఎక్కువ పెరుగుతుంది. కాబట్టి డ్యూటీకి ముందే కడుపునిండా తిని, రాత్రి కొద్దిగా మాత్రమే తినండి. షుగరు మాత్రల వేళలు మాత్రం డాక్టరును అడిగే మార్చుకోండి.

చెరువుల యజమానులకు ఒక విన్నపం. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది కాబట్టి నీళ్లలోకి గాలి కలిపే ఏరేటర్ల దగ్గర మనిషి ఉండక తప్పదు, ఒప్పుకుంటాను. కానీ రాత్రంతా మేల్కొన్న మనిషిని మిట్టమధ్యాహ్నం రేకుల షెడ్డులో పడుకోమంటే నిద్ర ఎలా పడుతుంది? కిటికీకి మందపాటి నల్లగుడ్డ, ఒక ఫ్యాను ఏర్పాటు చేయండి. నిద్ర ముంచుకొస్తుంటే బండి మీద ఇంటికి పంపకుండా ముందు అక్కడే ఒక గంట పడుకోనివ్వండి.