వాచీలో 118: టీనేజ్ పిల్లల గుండె వేగంపై అపోహలు, వాస్తవాలు

పదిహేనేళ్ల అమ్మాయి. నా గదిలోకి వచ్చి ఇంకా కూర్చోనైనా లేదు, వాళ్లమ్మ ఆ పిల్ల చెయ్యి పట్టుకుని స్మార్ట్ వాచ్ నాకు చూపించింది. 118. "రెండు వారాల నుంచి ఇంతే డాక్టర్ గారూ, గంటగంటకీ చూస్తూనే ఉన్నాం" అంది. పిల్లల గుండె వైద్యుడిగా ఈమధ్య ఇలాంటి వాచీలు చాలానే చూస్తున్నాను.

అపోహ: వాచీ చెప్పింది కాబట్టి నిజమే.

వాచీ చర్మం మీదికి ఆకుపచ్చ కాంతి పంపి, రక్త ప్రవాహంలో హెచ్చుతగ్గులను బట్టి లెక్క కడుతుంది. పట్టీ వదులైనా, చెయ్యి కదిలినా లెక్క తప్పవచ్చు. అందుకే ముందు వాచీ తీయించి, చేత్తో నాడి చూస్తాను. ఇది మీరూ చేయొచ్చు. పిల్లల్ని ఐదు నిమిషాలు కదలకుండా కూర్చోబెట్టి, మణికట్టు మీద బొటనవేలి వైపు మీ చూపుడు వేలు, మధ్య వేలు ఆనించి నిమిషం పాటు లెక్కపెట్టండి. మీ బొటనవేలితో మాత్రం చూడొద్దు, దాని నాడే మీకు తెలుస్తుంది. పొద్దున్నే మంచం దిగకముందు చూస్తే ఇంకా మంచిది. ఊపిరి పీల్చినప్పుడు కాస్త వేగంగా, వదిలినప్పుడు నెమ్మదిగా కొట్టుకుంటే లయ తప్పిందని కంగారు పడకండి, ఈ వయసులో అది మామూలే.

అపోహ: వంద దాటితే గుండె జబ్బే.

టీనేజ్‌లో విశ్రాంతిగా ఉన్నప్పుడు నిమిషానికి 60 నుంచి 100 వరకు మామూలు. బాగా ఆటలాడే పిల్లల్లో 50 కూడా ఉండొచ్చు. వంద దాటిన పిల్లల్లో ఎక్కువమందికి గుండె బాగానే ఉంటుంది, ఒంట్లో ఇంకేదో దాన్ని పరుగెత్తిస్తుంటుంది. జ్వరం ఒక సెల్సియస్ డిగ్రీ పెరిగితే వేగం సుమారు 10 పెరుగుతుంది. నీళ్లు చాలకపోవడం, నిద్ర లేకపోవడం, ఎనర్జీ డ్రింకులు, ఆస్తమా ఇన్‌హేలర్, ముక్కు దిబ్బడకు వాడే కొన్ని మాత్రలు కూడా కారణం కావొచ్చు. సిగరెట్, వేప్ సంగతి అడిగేటప్పుడు మాత్రం అమ్మానాన్నల్ని కాసేపు బయట కూర్చోమంటాను.

అపోహ: ఏమీ లేదు, అంతా టెన్షనే.

నన్నడిగితే మొదటి రెండింటికన్నా ఇదే ఎక్కువ చేటు చేస్తుంది. టెన్షన్‌తో వేగం పెరగడం నిజమే, నాడి చూడటానికి నేను చెయ్యి పట్టుకున్నా పెరుగుతుంది. కానీ టెన్షన్ వల్ల పెరిగింది మామూలుగా నిద్రలో తగ్గిపోతుంది. గాఢ నిద్రలోనూ తగ్గడం లేదంటే ఇంకేదైనా ఉందేమో చూడాలి. బాగా తింటున్నా బరువు తగ్గుతూ, చేతులు వణుకుతూ, అందరికన్నా ఎక్కువ ఉక్కపోస్తోందంటే థైరాయిడ్ పరీక్ష చేయించాలి.

ఆ అమ్మాయికి చేత్తో చూసినా 112 వచ్చింది. కింది రెప్ప లాగి చూశాను, లోపల పాలిపోయి ఉంది. నెలసరి ఎన్ని రోజులు ఉంటుందని అడిగితే, వాళ్లమ్మ వైపు ఓసారి చూసి "తొమ్మిది" అంది. హిమోగ్లోబిన్ 8.2 వచ్చింది. ఈ వయసు ఆడపిల్లల్లో 12కి తగ్గితేనే రక్తహీనత అంటాం. రక్తం మోసే ఆక్సిజన్ తగ్గినప్పుడు, ఆ లోటు పూడ్చడానికి గుండె ఎక్కువసార్లు కొట్టుకుంటుంది. ఆమెకు కావలసింది ఐరన్ మాత్రలు, అధిక రక్తస్రావానికి వైద్యం.

ఇంకొందరు పడుకున్నప్పుడు బాగానే ఉంటారు, లేచి నిలబడితే గుండె దడ, కళ్లు తిరగడం. నిలబడిన పది నిమిషాల్లోపు బీపీ పడిపోకుండానే వేగం 40 లేదా అంతకన్నా ఎక్కువ పెరుగుతూ, ఈ బాధలు నెలల తరబడి ఉంటే, అది పాట్స్ అనే సమస్య కావొచ్చు. ఇంట్లో వీళ్లకు బద్ధకస్తులని పేరు పడిపోయి ఉంటుంది, పాపం.

అపోహ: ఈసీజీ నార్మల్, ఇక భయం లేదు.

ఈసీజీ తీసిన ఆ కాసేపట్లో గుండె ఎలా ఉందో అదే చెబుతుంది. దడ వచ్చిపోయే పిల్లల్ని నేనడిగేది ఒకటే: మెల్లగా పెరిగిందా, స్విచ్ వేసినట్టు మొదలైందా? ఉన్నట్టుండి మొదలై, 200 దాకా వెళ్లి, అంతే హఠాత్తుగా ఆగిపోతుంటే, గుండెలోని విద్యుత్ మార్గాల్లో తేడా ఉండొచ్చు. దడ లేనప్పుడు తీసిన ఈసీజీ నార్మల్‌గానే రావొచ్చు. దడ ఉన్నప్పుడే తీయించాలి, లేదా రోజంతా రికార్డు చేసే హోల్టర్ పెట్టాలి.

అపోహ: ముందు ఆటలు మాన్పించాలి.

కారణం లేకుండా మాన్పిస్తే ఒంట్లో దమ్ము తగ్గి, వేగం ఇంకా పెరుగుతుంది. అయితే పరుగు ఆపాక కాస్త కళ్లు తిరగడం వేరు, పరుగెడుతుండగానే స్పృహ తప్పడం వేరు. అలా పడిపోయినా, ఆడుతున్నప్పుడు ఛాతీలో నొప్పి వచ్చినా, దగ్గరి బంధువుల్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయి ఉన్నా, గుండె డాక్టర్ చూసేదాకా ఆటలు ఆపండి. కూర్చున్నచోటే గుండె విపరీతంగా కొట్టుకుంటూ ఊపిరాడకపోయినా, స్పృహ తప్పినా, నాడి లెక్కపెడుతూ కూర్చోవద్దు, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.